ఖాళీ బండిలో ఇసుక

గట్ల కాదు బిడ్డా, మీ నాయన కాడికెళ్ళి మొదలుపెట్టకు, ముందుగాల ఆ చప్పుడు రాయి. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. నేను మెల్లగనే చెప్త, నీ చెయ్యి నొయ్యదు. ఈ తాత మాట నా లెక్కనే దింపకు హేమా, నువ్వు బడిల నేర్చిన తెలుగుల రాయి, వినేటోడు మన తండావోడు కాదు. 'మా నాయన' అని రాయకు, 'జైరాం' అని పేరు పెట్టు. 'మా అమ్మ' అనకు, 'సక్రి' అను. వేరేటోళ్ళ కథ లెక్క ఉంటెనే నువ్వు ఆఖరుదాంక రాయగల్గుతవ్. ఇల్లందుల బండి బాగు చేపిచ్చిన ఆ గంటసేపు మీ నాయన కడుపుల ఏం మసిలిందో వాడు నాకు ఒక్కసారే చెప్పిండు, నా ముంగట కూసోని, తల ఎత్తకుండ. మళ్ళ ఎవ్వరికీ చెప్పలె. ఆఁ, రాయి.

ఇనుము మీద ఇనుము పడుతోంది. ఇల్లందులో బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన, అహ్మద్ పాషా కమాన్ కట్టల షాపు ముందు, పాత లారీ టైరు మీద జైరాం కూర్చుని ఉన్నాడు. అతని పికప్ బండి వెనక చక్రాలు ఊడదీసుకుని చెక్క దిమ్మల మీద నిలబడింది, పశువుల దవాఖానాలో కాళ్ళు కట్టేసి నిలబెట్టిన ఎద్దులా. పాషా బండి కింద నుంచి బరువు మోసే ఇనుప పట్టీల కమాన్ కట్ట దింపి, నడుమ బోల్టు విప్పి, పట్టీలను ఒకటొకటిగా నేల మీద పరిచాడు, పెద్దది, దాని కింద చిన్నది, దాని కింద ఇంకా చిన్నది, ఇన్నేళ్ళు బరువు మోసి వంపు పోయి చదునైన పట్టీలు. వాటి సందుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. ఆ మట్టి ఎక్కడిదో జైరాంకు తెలుసు. వాగు మీది చప్టా దగ్గరిది కొంత, ఇప్పచెట్టు మలుపుది కొంత, అడవి గేటు దగ్గరిది కొంత. తండా నుంచి ఇల్లందు దాకా ఉన్న దారంతా ఆ పట్టీల మధ్య కూర్చుని ఉంది, ఇన్ని వానలు పడినా కడుక్కుపోలేదు.

"ఏం లోడు ఎత్తుతవ్ జైరాం?" అని పాషా అడిగాడు. ఆ జవాబును బట్టే పట్టీలు ఎన్ని వేయాలో, ఎంత వంచాలో ఉంటుంది. వచ్చిన ప్రతివాడినీ అతను అడిగే మొదటి మాట అదే.

"మిర్చి."

"మిర్చికి ఇంత గట్టిగ ఎందుకు భాయ్? లారీ పట్టీలు రెండు ఎక్కియ్యమంటివి. రాళ్ళు మోస్తది నీ బండి. కానీ ఖాళీగ పోయినవనుకో, వెనక కూసున్నోని పండ్లు ఊడి చేతులకొస్తయ్."

"గట్లనే కావాలె పాషా భాయ్."

"ఏంది, మీ అత్తగారిని ఎక్కిస్తున్నవా?" పాషా తన మాటకు తనే నవ్వి, లారీ పట్టీని కొలిమిలోకి తోశాడు.

మనిషి లోడు అన్న మాట జైరాం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. తుంటి ఎముక విరిగి, లోపల ఇనుప కడ్డీ పెట్టి కుట్టిన మనిషి. మూడు వీధుల అవతల దవాఖానాలో మంచం మీద, ఇంటికి ఎప్పుడు పోతానా అని తలుపు వైపు చూస్తున్న సీతయ్య. జబ్బుపడితే తీసుకుపోవడానికి ఇప్పుడు సైరన్ బండి వచ్చింది గానీ, తెచ్చి దింపడానికి ఏ బండీ లేదు. సీతయ్య సొంత పికప్పు ఇంజన్ పోయి దొడ్లో తుప్పు పడుతోంది, దాని మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అందుకే నిన్న అతని భార్య బుల్లెమ్మ తమ ఊరి నుంచి తండాకు నడిచి వచ్చింది, జైరాం గడపలో నిలబడి చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, మా ఇంటాయన్ని తెచ్చి దింపుతావా తమ్ముడూ అంది. జైరాం తెస్తా అన్నాడు. ఎంత తొందరగా అన్నాడంటే ఆమె భయపడింది, తనూ భయపడ్డాడు. ఆమె అట్లా వెనక్కి తిరగగానే అతని కాళ్ళు బండి దగ్గరికి పోయాయి, వంగి కమాన్ కట్టల కింద చెయ్యి పెట్టి తడిమాడు. చదునైపోయాయి, మెత్తబడ్డాయి, ఇట్లా మెత్తగా ఉంటే లాభం లేదు అనుకున్నాడు.

పాషా కుదుపులు ఆపే పాత షాకప్ ఒకటి ఊడదీసి నేల మీద నిలబెట్టి రెండు చేతులతో నొక్కాడు. అది నూనె కక్కుతూ లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. "ఖతం," అని దాన్ని మూలకు విసిరి, కొత్తది తీసి నొక్కాడు. అది లోపలికి దిగింది, చేయి వదిలేస్తే మెల్లగా, ఎవరూ పిలవకుండానే, తనంతట తాను పైకి వచ్చింది. "చూసినవా, దబ్బున లేవది. టైము తీసుకుంటది. మంచి షాకప్ గట్లుండాలె." జైరాం దాన్ని చేతికి తీసుకుని నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. ఎంత లోపలికి తొక్కినా లేస్తోంది. పాషా చూస్తున్నాడని తెలిసినా చేయి ఆగలేదు.

ఎర్రగా కాలిన పట్టీని పటకారుతో బయటికి లాగి దిమ్మ మీద పెట్టి పాషా సుత్తి ఎత్తాడు. టంగు. టంగు. ఈ చప్పుడు తనకు తెలుసు, షాపులో కాదు, ఇంకెక్కడో, ఇంత గట్టిగా కాదు, ఇంతకంటే చిన్నగా, ఇంతకంటే దగ్గరగా, చెవి పక్కనే. సక్రి గాజులు. మోచేతి పైదాకా వేసుకునే తెల్లటి లావుపాటి గాజులు, పెళ్ళినాడు వేసినవి, పత్తి ఏరినా నీళ్ళు తోడినా రొట్టె తట్టినా తీయనివి. ఆనాడు సీతయ్య పికప్ డబ్బాలో ఈతచాప మీద పడుకోబెడితే, బండి గుంటలో పడిన ప్రతిసారీ ఆ చెయ్యి ఎగిరి రేకు మీద పడేది, టంగు, ఆ తర్వాత యాడీ అని చచ్చిపోయిన తల్లిని పిలిచేది. టంగు, యాడీ. టంగు, యాడీ. జైరాం ఆ చేతిని పట్టుకోవాలని చూశాడు, కానీ తనే ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పడుతున్నాడు, బండి అట్లా ఎగురుతోంది, ఖాళీ బండి, కొత్త బండి, ముందు అద్దానికి బంతిపూల దండ ఇంకా వాడని బండి.

ఖాళీ పికప్ ఎగురుతుందని తండాలో పిల్లలకు కూడా తెలుసు. కమాన్ కట్టలు బరువు కోసం చేసినవి, బరువు లేకపోతే వాటికి కోపం వస్తుంది అని ముసలివాళ్ళు అంటారు. అందుకే నొప్పుల మనిషినో, చెట్టు మీది నుంచి పడిన మనిషినో ఎక్కించే ముందు వాగు ఇసుక నాలుగు బస్తాలు నింపి, వెనక ఇరుసు మీదికి వచ్చేట్టు పరుస్తారు. బండి ఒక జానెడు కుంగుతుంది. బస్తాల మీద గడ్డి, గడ్డి మీద బొంత, బొంత మీద మనిషి. అప్పుడు బండి నిండు చూలుతో ఉన్న గేదెలా నడుస్తుంది, గుంటలోకి దిగినా లేచినా పైనున్న మనిషికి తెలియదు. ఆ రోజు పొద్దున్నే, కడుపుతో ఉన్న సక్రికి నెత్తురు పోవడం మొదలైతే తండా మగాళ్ళంతా వాగులోకి దిగారు, తట్టలతో కొందరు, చేతులతో కొందరు, సీతయ్య బండి వచ్చేసరికి నాలుగు బస్తాలూ మూతి కట్టి ఉన్నాయి, నీళ్ళు కారుతూ. ఎక్కించారు కూడా. సక్రిని ఇద్దరు మనుషులు బొంతలో ఎత్తుకుని వస్తున్నారు. అప్పుడు సీతయ్య బండి దిగి వెనక్కి వచ్చాడు.

"ఏందిరా జైరామ్‌గా, ఇసుక మొయ్యనీకి కొన్ననా బండి? రంగు మొత్తం గీకపోతది. దించుండ్రి."

"అన్నా, కుదుపులకు ఆగదన్నా. నీ కాల్మొక్త."

"మనిషి బరువు ఉన్నది గదా, చాలదా? దించుండ్రి జల్దీ, నాకు మార్కెట్ల మిర్చి లోడు ఉన్నది."

ముందు సీట్లో ఉన్న బుల్లెమ్మ తల బయట పెట్టి, ఉంచండి, ఆడమనిషి ఉసురు తగులుద్ది అంది. ఆమె పుట్టిల్లు పెనుబల్లి వైపు, కోపంలో కూడా ఆమె మాట మెత్తగానే ఉంటుంది. నోరు మూసుకో అన్నాడు సీతయ్య. ఆమె నోరు మూసుకుని, సీటు దిగి, వెనక డబ్బాలోకి ఎక్కి సక్రి తల తన ఒడిలో పెట్టుకుంది. బస్తాలు కిందికి దిగాయి. ఎవరు దించారు? జైరామే దించాడు, తన చేతులతో, ఒకటి తర్వాత ఒకటి. బేరమాడే సమయం లేదు, ఇంకో బండి లేదు, ఆ నాలుగో బస్తా దించుతున్నప్పుడు అతని గోరు ఊడింది. చప్టా దగ్గర మొదటి కేక. ఇప్పచెట్టు మలుపులో రాళ్ళ మీద రెండోది, పెద్దది. ఆ తర్వాత కేకలు లేవు, గాజుల చప్పుడే. అడవి గేటు దగ్గర అదీ ఆగింది. గేటు కర్ర లేచేదాకా బండి నిలబడింది కదా, అందుకే ఆగింది అనుకున్నాడు జైరాం. బండి కదిలింది, చెయ్యి మళ్ళీ ఎగిరి పడింది, టంగు, కానీ యాడీ అనలేదు.

ఎందుకాపినవ్ బిడ్డా? నువ్వు నా చెయ్యి పట్టుకొని బాట మీదనే నిలబడ్డవ్ ఆనాడు, ఆ బస్తాలెక్కి ఆడినవ్ కూడ, నీకు యాదికి లేదు. ఏడుద్దాం తియ్యి, ఇద్దరం కూసోని ఏడుద్దాం, రాసుడు అయినంక. రాయి.

పట్టీని నూనె డబ్బాలో ముంచితే సుయ్యిమని పొగ లేచింది, జైరాం కళ్ళు మండాయి. మంచిదే. పొగ వల్ల అని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళలో ఎన్ని అనుకున్నాడు. సీతయ్య డీజిల్ ట్యాంకులో చక్కెర పోద్దామనుకున్నాడు. ఒకసారి సంతలో బండి ఒంటరిగా ఉంటే పానా తీసుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు, ఒక నట్టు వదులు చేశాడు కూడా, తల ఎత్తి చూస్తే లోపల బుల్లెమ్మ పల్లీలు తింటూ కూర్చుంది, ఇన్ని తిను తమ్ముడూ అని దోసిలి నిండా ఇచ్చింది. నట్టు మళ్ళీ బిగించి, ఆ పల్లీలు జేబులో పోసుకుని పోయాడు. క్లీనర్‌గా తిరిగాడు, డ్రైవర్ అయ్యాడు, పాత పికప్ తెచ్చుకున్నాడు, సీతయ్య మోసే మిర్చి, చింతపండు, తునికాకు ఒక్కొక్కటే తన వైపు తిప్పుకున్నాడు. సీతయ్య బండి లోడు లేక నిలబడిపోయింది. అప్పుడైనా చల్లబడాలి కదా. చల్లబడేదే, ఆ రోజు టీ కొట్టు దగ్గర ఆ మాట అనకపోయి ఉంటే. సీతయ్య చాయ్ ఊదుకుంటూ, బాగుపడ్డవ్‌రా జైరామ్‌గా అన్నాడు, ఊదుకుంటూనే, అవ్‌గని, నీ పెండ్లం దేంతోటి పోయింది, జరమా, అన్నాడు.

జరమా. మర్చిపోయాడు. చంపినవాడికి చంపినట్టు కూడా గుర్తు లేదు. దారిలో తొక్కిన పురుగంత కూడా గుర్తు లేదు. ఆ రోజు నుంచి జైరాంకు కావలసింది సీతయ్య బండి కాదు, బేరం కాదు. వాడి ఒళ్ళు. వాడి ఒంటికి గుర్తు రావాలి. ఆ చప్టా, ఆ మలుపు, ఆ గేటు, అన్నీ వాడి ఎముకలోకి దిగాలి. ఇప్పుడు దేవుడు వాణ్ణి కొట్టం మీది నుంచి పడేసి, తుంటి విరిచి, కడ్డీ పెట్టించి, తెచ్చి తన చేతిలో పెట్టాడు. లారీ పట్టీలు రెండు, కొత్త షాకప్‌లు, ఖాళీ డబ్బా, ఒక ఈతచాప. ఏమన్నా అంటే, నీ బరువు చాలదా సీతయ్యా, నాకు మార్కెట్ల మిర్చి లోడు ఉన్నది, అనాలి. ఆ మాట ఎట్లా అనాలో, ఏ గొంతుతో అనాలో పొద్దుటి నుంచి లోపల లోపలే పలికి చూసుకుంటున్నాడు. చప్టా దగ్గర బ్రేకు తొక్కకూడదు. ఇప్పచెట్టు మలుపులో రాళ్ళ మీదికే పోనివ్వాలి. వాడు ఎవర్ని పిలుస్తాడో చూడాలి. సీతయ్యకు తల్లి ఉందా, ఎప్పుడో పోయింది, అయినా పిలుస్తాడు, అందరూ తల్లినే పిలుస్తారు.

"యూ బోల్టులు బిగిస్తున్న," అన్నాడు పాషా బండి కింద నుంచి. "చాయ్ తాగొచ్చుకో పో."

"ఈడనే ఉంట."

రోడ్డు అవతల నుంచి బుల్లెమ్మ వస్తోంది. బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపి పోయింది, ఆ దుమ్ములోంచి బయటికి వచ్చింది, చంకలో ఏదో మూట. ఈమె ఒడి చీర ఆ రోజు ఎంత తడిసిందో జైరాంకు గుర్తే. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఆ చీరతోనే ఎండలో కూర్చుంది, మార్చుకోలేదు. ఈమె రాకుండా ఉంటే బాగుండు.

"దవాఖానా వాళ్ళు మంచం ఖాళీ చెయ్యమంటున్నారు తమ్ముడూ. ఎంతసేపవుద్ది?"

"అయిపోయింది అక్కా. ఇగ చక్రాలు ఎక్కిచ్చుడే."

ఆమె చంకలోని మూట కింద పెట్టింది. యూరియా సంచులు, ఖాళీవి, మడతలు పెట్టినవి. "ఆయనే తెమ్మన్నాడు. 'నాలుగు సంచులు తీసకపో, ఇసక నింపి ఇరుసు మీదకి వెయ్యమను జైరాంని, అవి లేకపోతే నేను ఇంటిదాకా బతకను' అన్నాడు." అనేసి, తను ఏం మాట మోసుకొచ్చిందో అప్పుడు తెలిసినట్టు ఆమె ఆగిపోయింది. ముఖం నేలకు వేసుకుంది. "నిన్ను అడగడానికి నాకు మొహం లేదు తమ్ముడూ. వెయ్యకపోయినా నేనేమీ అనను. ఆయన తల నేనే పట్టుకుంటా."

అవి లేకపోతే బతకను. అంటే తెలుసు. మొదటి నుంచీ తెలుసు. బస్తాలు దేనికో తెలుసు, దించితే ఏమవుతుందో తెలుసు, టీ కొట్టు దగ్గర జరమా అని అడిగినప్పుడు కూడా తెలుసు, చాయ్ ఊదుకుంటూ, జైరాం ముఖంలో ఏముందో చూడటానికే అడిగాడు. వాడు మర్చిపోలేదు. వాడికి గుర్తు చేయవలసింది ఏమీ లేదు. చప్టా, మలుపు, గేటు, అన్నీ వాడి దగ్గర ఉన్నాయి, దాచిపెట్టుకున్నాడు. ఆ టీ కొట్టు రోజు నుంచీ తను తప్పు మనిషి మీద పగ పట్టాడు, మతిలేని మనిషి మీద. ఈ మనిషి వేరే. జైరాం చేతిలో కొత్త షాకప్ అట్ట పెట్టె నలిగిపోయింది. ఖాళీ బండిలో వేసి ఎగరేస్తే ఏమవుతుంది, కేకలు వేస్తాడు, కడ్డీ కదులుతుంది, పోతే పోతాడు. పోతే, జైరాంగాడు కసి తీర్చుకున్నాడు అంటారు, లెక్క సరిపోయిందని సీతయ్య కూడా అనుకునే పోతాడు. సరిపోవడమా.

పాషా బండి కింద నుంచి బయటికి జరిగి పానా పట్టుకుని నిలబడ్డాడు. "మిర్చి అంటివి గదా! మనిషా ఎక్కేది? ముందుగాల చెప్పద్దా జైరాం. ఆగు, ఆ రెండు పట్టీలు తీసేస్త."

"తియ్యకు. ఇంకా బిగియ్యి."

"పిచ్చా? ఈ కట్టకు నాలుగు బస్తాలు దోమ లెక్క. ఇరవై బస్తాలన్న పడాలె, అప్పుడు గని వంగది."

"ఇరవై వేస్త. నీ తాన సంచులుంటే ఇయ్యి."

బండి మెత్తగా ఉండకూడదు. ఇది లోకంలో అందరికంటే గట్టి బండి కావాలి, ఖాళీగా పోతే మనిషిని చంపే బండి కావాలి. మెత్తదనం ఇసుకది ఒక్కదానిదే కావాలి. వాడికి తెలియాలి. ఇసుక ఏం చేయగలదో వాడి ఒళ్ళు వాడికి చెప్పాలి, అడుగడుగునా, గుంట గుంటకూ. ఎదురుగా కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. మేస్త్రీతో మాట్లాడుకుని, జైరాం సంచులు నింపాడు. బుల్లెమ్మ మూతి పట్టుకుంది. పాషా ఎత్తుతానంటే వద్దన్నాడు. ప్రతి బస్తా తన వీపు మీదే మోశాడు. దించిన చేతులే ఎక్కించాలి. ఒక్కొక్క బస్తా పడేకొద్దీ ఆ కొత్త కట్ట కొంచెం కొంచెం వంగింది, మూలుగుతూ, ఇష్టం లేకుండా, చివరికి వంగింది.

ఆ దారి సంగతి పెద్దగా ఏమీ లేదు. సీతయ్యను గడ్డి మీద, బొంత మీద పడుకోబెట్టారు, తల బుల్లెమ్మ ఒడిలో. జైరాం కాలినడక కంటే కొంచెం ఎక్కువగా పోనిచ్చాడు. ముందుగా అడవి గేటు వచ్చింది, అక్కడిదాకా వెనక నుంచి చిన్న మూలుగు కూడా రాలేదు. కర్ర లేచి ఉన్నా జైరాం బండి ఆపి ఇంజన్ బంద్ చేశాడు. అన్నిటికంటే ఎక్కువసేపు ఆపింది అక్కడే. మళ్ళీ పోనిచ్చాడు. ఇప్పచెట్టు మలుపులో రాళ్ళ మీదికే పోనిచ్చాడు. ఏమీ కాలేదు. అక్కడా ఆపాడు. "ఎందుకాపినవ్ జైరాం?" అని సీతయ్య అడిగాడు. రా అనలేదు ఈసారి. "ఊకెనే," అన్నాడు జైరాం. బండి చప్టాలోకి దిగి లేచింది, దాటాక అక్కడా ఆపాడు. బుల్లెమ్మ ఏడుస్తోంది, గొంతు రాకుండా. సీతయ్య మాత్రం చేతులు జోడించాడు. "ఒక్క కుదుపు లేదు జైరాం. తల్లి కడుపుల వెట్టుకొని తెచ్చినట్టు తెచ్చినవ్," అన్నాడు. జైరాం అద్దంలో ఆ జోడించిన చేతులను చూశాడు. ఇంటి ముందు మంచం వేసి దింపాక, ఇసుక బస్తాలన్నీ అక్కడే, ఆ మంచం పక్కనే దించి, గోడలా పేర్చి, ఖాళీ బండితో తండాకు వచ్చాడు. కొత్త కట్టలు, ఖాళీ బండి. దారి పొడుగూతా అతని ఒళ్ళు ఎగిరి ఎగిరి పడింది.

అయిపోయింది బిడ్డా. ఇగ ఇది రాయి, ఇది నా మాట, దీన్ని బడి తెలుగుల మార్చకు. గప్పటిసంది సీతయ్య ఆ మంచం మీద పండుకోని, బాట వెంట పోయేటోళ్ళందర్ని పిలిచి చెప్తున్నడు, జైరాం మనసుల ఏం పెట్టుకోలేదు, దేవుని అసుంటోడు, అంత మర్చిపోయిండు అని. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆ బస్తాల మీద చెయ్యి ఏసుకుంటడట, దోస్తు భుజం మీద ఏసుకున్నట్టు. మీ నాయన ఇంటడు, పలకడు. నేను సక్రి తండ్రిని, ఊకుండుడు నాతోని కాదు. నువ్వు పొద్దుగాల బస్సుకు వాళ్ళింటి ముంగట్నుంచే పోతవ్ గదా హేమా. జర ఆగు. బుల్లెమ్మ నీళ్ళకు పోయిందాంక ఆగు, ఆమె ముంగట వద్దు, ఆమె ఒడిల మీ అమ్మ తల ఉండె. ఆమె పోయినంక ఆ బస్తాల మీదనే కూసో. నేను సక్రి బిడ్డనని చెప్పు. చెప్పి, ఇది వానికి చదువు, మొదటి నుంచి, మెల్లగ. అడవి గేటు కాడికి వచ్చినంక ఆపి, వాని మొఖం దిక్కు సూడు. సూసి, మళ్ళ చదువు.